వెండి నాణెం మీద రాణి

అమెరికాలో ట్రాయ్ ఊరి దగ్గర ఓ మ్యూజియంలో ప్రాచీన గ్రీకు వెండి నాణేలు చూస్తున్నాను. ఒకదాని మీద తల మీద ముసుగు వేసుకున్న రాణి ముఖం ఉంది. అక్కడ వాలంటీర్‌గా ఉన్న తెలుగమ్మాయి దగ్గరికొచ్చింది.

“ఆమె చనిపోయాక ఈ కాయిన్ చేశారు, అంకుల్.”

“మరి బతికుండగా?”

“అప్పుడు సిల్వర్ మీద కింగ్ ఫేసే.”

పాపం అన్నాను, పరాయివాళ్ళ సంగతన్నట్టు.

“ఆంటీ రాలేదా?”

పోయిన ఏడాదే పోయిందని చెప్పి, ఇంట్లో దండ వేసిన ఆమె పటాన్ని ఫోన్‌లో చూపించాను. ఆ అమ్మాయి వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

“పక్కన ఈ షోల్డర్ ఎవరిది, అంకుల్?”

నాదే. నలభై ఏళ్ళ కాపురంలో ఆమెకు విడిగా ఒక్క ఫొటో తీయలేదు నేను. పెద్దకర్మకు పటం కావాల్సివచ్చి, ఎవరి పెళ్ళిలోనో ఇద్దరం దిగిన ఫొటో ఇస్తే స్టూడియోవాడు నన్ను కత్తిరించాడు. ఎంత కత్తిరించినా ఆ భుజం పోలేదు.