సైదులు కుడిచెయ్యి

2018 ఎండాకాలం. నల్గొండలో ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా నాకది ఆరో ఏడు. ఆపరేషన్ల తర్వాత బిగుసుకుపోయిన కీళ్లకు మళ్లీ కదలిక తెప్పించడం మా పని. రోజూ చూసేవి నడుం నొప్పులూ మోకాళ్లే. చేతి కేసులు తక్కువ, అవి ఓపిక అడుగుతాయి.

సైదులు నార్కట్‌పల్లి దగ్గర ఆటో నడిపేవాడు. కుడిచేతిలో రెండు వేళ్ల టెండన్లు తెగితే సర్జన్ కుట్టి నా దగ్గరికి పంపారు. టెండన్ అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది. అది అతికేదాకా చేతికి స్ప్లింట్, అంటే వేళ్లను వంచి ఉంచే గట్టి కట్టు, ఉండాలి. తొందరపడితే మళ్లీ తెగుతుంది. అసలు కదపకపోతే పక్కనున్న కండకు అతుక్కుపోతుంది. సర్జన్ పంపిన కాగితంలో "జారి కిటికీ అద్దం మీద పడ్డాడు" అని ఉంది.

భార్య అండాలు తోడు వచ్చేది. సైదులు మర్యాదస్తుడిలాగే కనిపించాడు. సర్జన్ వస్తే లేచి నిలబడేవాడు. నాలుగో వారం అతను కట్టు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అండాలు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, చెయ్యి మొత్తం బాగైతదా?"

"అయితది అక్కా. మూడు నెలలల్ల ఆటో తోలుకుంటడు."

ఆమె ముఖం తేలికపడుతుందనుకున్నాను. తల దించుకుంది.

"జర ఆలస్యంగ బాగయ్యేటట్టు చెయ్యరాదు?"

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించింది. "ఆయన జారి పడలె మేడం. కూర సల్లారిందని గుద్దవోయిండు. నేను పక్కకు జరిగిన. అద్దానికి తాకింది. ఈ కట్టు ఉన్నన్ని దినాలు ఇంట్ల నిమ్మలంగ ఉన్న."

ఆ తర్వాత వచ్చిన పేషెంటుకు మోకాలు వంచే ఎక్సర్‌సైజు చేయిస్తూ రెండుసార్లు లెక్క తప్పాను. వైద్యం ఆలస్యం చేయలేను, చేయకూడదు. ఆమె చెప్పిందని అతనికి తెలిస్తే ఆమెకే ముప్పు. ఆడవాళ్లకు సాయం చేసే సర్కారు కేంద్రం ఎక్కడుందో మాత్రం ఆమెకు అప్పుడే చెప్పి పంపాను.

ఆరో వారం స్ప్లింట్ తీశాం. ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకొమ్మన్నాను. మూడుసార్లు ప్రయత్నించాడు, మూడుసార్లూ జారింది. సైదులు స్టూలును ఒక్క తన్ను తన్ని, "నువ్వేం చూస్తున్నవే?" అంటూ అండాలు మీదికి ఎడమచెయ్యి ఎత్తాడు. నేను మధ్యలోకి వెళ్లి, ఆమెను బయట కూర్చోమని పంపి, అతన్ని కూర్చోబెట్టాను.

"కోపమొస్తే నా చేతుల ఉండది మేడం."

"గ్లాసు పట్టుమన్నది నేను. నన్నెందుకు తిట్టలె?"

అతను వంగి, కిందపడ్డ గ్లాసును ఎడమచేత్తో తీసి బల్ల మీద పెట్టాడు.

"రోడ్డు మీద పోలీసాయన తిడితే ఏం చేస్తవు?"

"ఊకుంట."

"డాక్టరు సారు గంట నిలబెడితే?"

"ఊకుంట మేడం."

"మరి ఆడ నీ చేతుల ఉన్నది, ఇంట్ల ఎందుకుండదు అన్నా?"

ఎడమచేత్తో కుట్ల మచ్చను తడుముకున్నాడు. తనే అన్నాడు. "నేను కొట్టవోయింది అద్దాన్ని కాదు మేడం. ఆమె మొకాన్ని."

మనసుకు చేసే వైద్యం నాకు రాదు. మా దవాఖానలోని కౌన్సెలర్ దగ్గరికి పంపాను. నాలుగుసార్లు వెళ్లాడు. నేను నేర్పింది నాకు తెలిసిన శరీరం సంగతే. మాట కంటే ముందు దవడ బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది, పిడికిలి ముడుచుకుంటుంది. అది తెలిసిన క్షణాన వేళ్లు చాపి, ఒక్క మాట అనకుండా బయటికి నడవాలి. ఊపిరి నెమ్మదించేదాకా తిరిగి రాకూడదు. చెయ్యి బాగైంది. చిటికెనవేలు కొంచెం వంకరగా మిగిలింది.

మరుసటి ఏడు చివర్లో అండాలు భుజం నొప్పితో ఒంటరిగా వచ్చింది. ముందు ఆ నొప్పి ఎలా వచ్చిందో అడిగాను. పత్తి ఏరడం వల్ల వచ్చిందట. తర్వాత సైదులు సంగతి అడిగాను.

"శానసార్లు లేచి బయటికి పోయిండు మేడం. ఒక్కపారి పోలె. గప్పుడు నేనే పోయిన, తల్లిగారింటికి. నెల దినాలున్న. మా అన్నల ముందట తప్పు ఒప్పుకొని తోల్కపోయిండు. అటెన్క చెయ్యి లేవలె."

"భయం పోయిందా?"

"యాడ? ఆయన చెంబు కింద పెట్టిన సప్పుడైనా ఉలికిపడ్త."

అప్పటి నుంచి గాయం ఎలా తగిలిందో తోడు వచ్చినవాళ్లను కూడా విడిగా అడుగుతున్నాను. కోపం ఆపుకోలేనని ఎవరైనా అంటే, ఎవరి ముందు ఆపుకోగలుగుతున్నావని అడుగుతాను. తెగిన టెండన్ మూడు నెలల్లో పనిలో పడుతుందని ధైర్యంగా చెప్పగలను. అండాలు ఉలికిపాటు ఎన్నాళ్లకు పోతుందో చెప్పలేను.