బీరన్న నిలబడ్డ చోటు

2011లో పెళ్లిళ్ల కాలం ముగిసేసరికి, సూర్యాపేట స్టూడియోలో ఫొటోలు కలిపే గోవర్ధన్‌కు మనుషుల ముఖాలంటేనే విసుగు పుట్టింది. అప్పుడే పెన్‌పహాడ్ నుంచి ఐలమ్మ వచ్చింది. కూతురి పెళ్లి ఫొటోలో ఆమె ఎడమ చివర నిలబడి ఉంది. తన పక్కన చనిపోయిన భర్త బీరన్న కావాలంది. ఆయనది గొర్రెల మంద దగ్గర తీసిన ఫొటో ఒక్కటే ఉంది. అందులో ఎండ ఎడమ నుంచి పడింది. పెళ్లిలో ఐలమ్మ మీద లైటు కుడి నుంచి పడింది.

గోవర్ధన్ బద్ధకించి, బీరన్నను అద్దంలో చూసినట్టు తిప్పి అతికించాడు. వెలుగు కుదిరింది.

“గీయన ఎవలు బిడ్డా?” అంది ఐలమ్మ. “మా ఆయన ఎన్నడన్న కుడి బుజం మీద గొంగడి ఏసిండా? నా పక్కన పరాయి మొగోణ్ణి నిలబెడ్తివి!”

గోవర్ధన్ మండే కళ్లు నలుపుకొని త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. పెళ్లివాళ్లకు బదులు డబ్బాలు పేర్చి, తలలుగా బంతులు పెట్టి, పెళ్లిలో ఉన్నట్టే ఎదురుగా మధ్యలో లైటు వెలిగించాడు. బీరన్న బంతిని వరుస పొడుగునా జరుపుతూ పోయాడు. కుడి చివర, మగపెళ్లివారి అవతల పెడితేనే వెలుగు మంద ఫొటోలో లాగే పడింది.

“నీ పక్కన కుదరది అమ్మా. గా సివరకైతే తిప్పే పనుండది, గొంగడి మారది,” అని తిట్లకు సిద్ధపడ్డాడు.

ఐలమ్మ తెర మీది ఆ బంతిని వేలితో ముట్టింది.

“గాడనే ఉండనియ్. ఏ పెండ్లికి వొయినా గట్లనే అంచుకు నిలబడెటోడు. మంద యాదికొస్తె సప్పుడు జేయక ఎల్లిపోనీకి.”