పెద్ద కారుకి తమ్ముడు

మా మేనమామ సింహాచలం తన జన్మలో పదకొండు వ్యాన్లు అమ్మాడు. అందులో పదింటి సంగతి ఆయనకే గుర్తులేదు. పదకొండోది ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మింగేసి, కండువా దులుపుకుని లేచిపోయేవాడు. ఆ కథ నాకు చెప్పింది ఒక్కసారే, పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, శృంగవరపుకోట నుంచి అరకు వెళ్ళే బస్సులో. అప్పుడైనా నేను అడిగితే కాదు, బస్సు హుకుంపేట మళ్ళే రోడ్డు దగ్గర ఆగితే చెప్పాడు.

ఆయనది శృంగవరపుకోట. ఏడో తరగతితో పలక పారేసి, కలప లారీ మీద క్లీనరుగా చేరి, ఘాట్‌రోడ్డు మీద పెరిగాడు. ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో నిద్రలో అడిగినా చెప్పేవాడు. మాటకారి. నోరున్నవాడిదే రాజ్యం అని మా అమ్మ తన తమ్ముణ్ణి దెప్పుతూ ఉండేది. ఆ నోటిని చూసే డెబ్బై నాలుగులో విశాఖపట్నంలో శార్దూల్ కంపెనీ డీలరు కృష్ణమూర్తి గారు ఆయన్ని పిలిచి పనిలో పెట్టుకున్నారు.

శార్దూల్ వాళ్ళవి రెండే బళ్ళు. ఒకటి పొడుగాటి పెద్ద కారు. వక్కరంగు, తోలు సీట్లు, ముందు బోనెట్ మీద ఇత్తడి పులి తలకాయ. రెండోది సామాను మోసే చిన్న వ్యాను. దాని మీదా అదే పులి తలకాయ, కాకపోతే రేకుది. మావయ్య మొదటిరోజే అడిగాడట, ఇంత కారు మన జిల్లాలో కొనేవాడెవడండీ అని. కృష్ణమూర్తి గారు నవ్వారు.

"ఇది అమ్మడానికి కాదోయ్. కంపెనీ వాళ్ళు చేసినవే నాలుగైదు. దీన్ని ఊరూరా తిప్పు. జనం దీన్ని చూడాలి, వ్యాను కొనాలి. దీని పేరు దానికి అంటాలి, అంతే."

ఇందులో తప్పేముంది అని మీరనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పెళ్ళిచూపులకి పక్కింటి గొలుసు పెట్టుకోవడం మన ఇళ్ళలో లేదా? లోకమంతా నడిచే వ్యాపారమే అది. అయితే మావయ్య ఆ రెండు బళ్ళూ నడిపిన మనిషి. పెద్ద కారులో ఉన్నది విదేశం నుంచి తెప్పించిన ఇంజను. అనంతగిరి ఎక్కేటప్పుడు దానికి చెమటైనా పట్టేది కాదు. వ్యానుకి మధ్యలో మూడుసార్లు నీళ్ళు పొయ్యాలి. అడుగున కడ్డీలు సన్నం, అతుకులు పైపైన. పైన పటారం, లోన లొటారం. ఈ సంగతి కొనేవాళ్ళకి తెలియదు, ఆయనకి తెలుసు.

ప్రతి శుక్రవారం అరకు సంతలో పెద్ద కారుని తుడిచి నిలబెట్టేవాడు. పక్కనే వ్యాను. పసుపు, అల్లం, చింతపండు కావిళ్ళతో దిగిన గిరిజనులు కారు చుట్టూ మూగేవాళ్ళు. అద్దంలో మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. ఒక శుక్రవారం, నలభై ఏళ్ళ మనిషి ఒకడు కావిడి దించి, తలపాగా తీసి, ఆ ఇత్తడి పులిని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఏటి బాబూ, మొక్కుతున్నావు?" అన్నాడు మావయ్య.

"నాను బుధు. కిల్లో బుధు. కిల్లో అంటే పులి. ఇది మా ఇంటోడు" అన్నాడు ఆయన, ఎంతో మామూలుగా.

కిల్లో వాళ్ళకి పులి వంశంలో మనిషి లెక్క. దాని మీద చెయ్యెత్తరు. అడవిలో పులి చచ్చిపడిందని తెలిస్తే ఇంట్లో పాతకుండ బయట పగలగొట్టి, తలస్నానం చేసి, దగ్గరి మనిషి పోయినట్టే మైల పడతారు. ఘాట్ మీద పెరిగిన మావయ్యకి ఇదంతా తెలుసు. తెలిసి కూడా, నోరు ఊరుకుంటే కదా!

"అలాగైతే ఈ వేను ఎవరనుకున్నావు? ఈడికి తమ్ముడు. ఆడు దాదా, ఈడు తమ్ముడు" అన్నాడు.

దాదా అంటే వాళ్ళ మాటలో అన్న. బుధు నవ్వలేదు. వ్యాను దగ్గరికి నడిచి, రేకు పులిని నిమిరి, వెనక్కి తిరిగి అడిగాడు.

"ఒకే కడుపా?"

"ఒకే కడుపు."

మావయ్యకి అది బేరం మాట. బుధుకి అది చుట్టరికం. తోడబుట్టినవాడు కష్టంలో ఉంటే అన్న చూస్తూ ఊరుకోడు, అన్నకున్న సత్తువ తమ్ముడికి రాకపోదు. ఈ లెక్కతో ఆయన హుకుంపేట అవతల తన ఊరికి వెళ్ళి, ఐదు కిల్లో ఇళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి చెప్పాడు. నెల తిరిగేసరికి ఐదిళ్ళ అరకల ఎడ్లూ సంతకి వచ్చాయి. ఎడ్లు పోయి వ్యాను ఊరెక్కింది. లారీలు నడిపిన బుధు అల్లుడు సుక్రు స్టీరింగు పట్టాడు. రేకు పులికి పసుపు రాసి, కోడిని కోసి, ఇంటికి మనిషి వచ్చినట్టే దించుకున్నారట. ఆ పండక్కి మావయ్యని కూడా పిలిచారు. వెళ్ళి, కడుపునిండా తిని వచ్చాడు.

"ఎడ్లు తోలుకొస్తన్నప్పుడైనా సెప్పాల్సిందిరా. 'బుధూ, కొండెక్కలేదిది, పల్లంలో తిరగడానికి' అని ఒక్క ముక్క. నా నోటికి ఏ రోగమొచ్చింది?" అన్నాడు మావయ్య నాతో. బస్సులో ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు.

ఆ ఏడాది పెద్ద కారు ఒక్కటీ అమ్ముడుపోలేదు. వ్యాన్లు మాత్రం పదకొండు పోయాయి. కృష్ణమూర్తి గారు మావయ్యకి చేతిగడియారం పెట్టారు.

రెండు వానాకాలాలు వ్యాను లాగింది. మూడో వానాకాలంలో, అల్లం బస్తాలతో కొండవాగు గెడ్డ దాటి గట్టెక్కుతుండగా నడుం విరిగినట్టు అడుగు కడ్డీలు రెండుగా విరిగిపోయాయి. సుక్రు దూకేశాడు కాబట్టి బతికాడు. అల్లమంతా గెడ్డపాలు. అప్పటికే శార్దూల్ కంపెనీ మూతపడింది. పెద్ద కారుని వాళ్ళు మద్రాసు తీసుకుపోయారు, విడిభాగాలు దొరకవు, అడిగేనాథుడు లేడు.

మళ్ళీ లారీ పనిలోకి దిగిన మావయ్య సంతలో ఈ కబురు విని, నడిచి ఆ ఊరు వెళ్ళాడు. తిడతారు, కొడతారు, పడదాం అనుకుని వెళ్ళాడు. ఊరి మొదట్లో పగిలిన కుండ పెంకులు కనిపించాయి. వ్యాను మొహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. మగవాళ్ళు గుండ్లతో కూర్చున్నారు. చిట్టెమ్మ, బుధు భార్య, కాళ్ళకి నీళ్ళిచ్చింది. బుధు ఆయన వెనక దారిలోకి చూశాడు.

"దాదా ఏడి? తమ్ముడు పోతే దాదా రాలేదేటి?"

అప్పుడు చెప్పాలి. దాదా లేడు, చుట్టరికం లేదు, అది నా వాగుడు అని అప్పుడే చెప్పేయాలి. ఆ గుండ్లు చూశాక మావయ్య నోట వచ్చింది ఇంకో అబద్ధం.

"మద్రాసు ఎల్లినాడు. ఒత్తాడు."

వాళ్ళు నమ్మారు. ఆయన బతుకుజీవుడా అని కొండ దిగాడు.

చైత్రంలో సంతకి చిట్టెమ్మ అడ్డాకులు అమ్మడానికొచ్చింది. మనిషి సగమైంది. మావయ్య మామిడికాయలు కొనిపెట్టబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మేం కొత్త పంట తినకూడదు బాబూ. దాదా ఒచ్చి నీళ్ళు ఇడిస్తే గాని మైల తీరదు. ఊరంతా మాడికొత్త పండగ సేసుకున్నారు, మా ఐదిళ్ళూ నేదు. సామలు కొత్త కూడా తినలేదు. మా సిన్నగుంటకి సంబంధం ఒచ్చింది, అదీ ఆపినాం. బేగి రమ్మని సెప్పు, నీకు పున్నెముంటాది."

ఎడ్లు లేక ఆ ఇళ్ళవాళ్ళు పారలతో పొలం తవ్వుకుంటున్నారు. పండిన గుప్పెడైనా నోట్లో పెట్టుకోకుండా తన మాటే అడ్డుపడిందని మావయ్యకి అప్పుడు తెలిసింది. సంత మధ్యలో పని వదిలేసి, ఆమె వెనకే కొండెక్కాడు.

బుధు గుమ్మం ముందు చీపుళ్ళు కడుతున్నాడు. మావయ్య నిలబడే చెప్పాడు, కూర్చుంటే మళ్ళీ నోరు మారుతుందని భయం.

"బుధూ, దాదా రాడు. ఆ కారుకీ ఈ వేనుకీ ఏ చుట్టరికమూ నేదు. ఆ ఇంజను వేరే దేశంది. పులి బొమ్మొకటే ఒకటి. అమ్ముకోడానికి నాను కల్పించిన మాట అది. నన్ను ఏటి సేసినా సెయ్యి. మీరు మైల తీసేసుకోండి, కొత్త తినండి, గుంటకి పెళ్ళి సెయ్యండి."

బుధు చీపురు పక్కన పెట్టాడు. కోపం రాలేదట ఆ మనిషికి. వచ్చి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి అన్నాడు మావయ్య. బుధు వ్యాను ఉన్న వైపు చూసి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఐదిళ్ళోళ్ళం గుండ్లు సేయించుకున్నాం. ఆడోళ్ళు గెడ్డ ఒడ్డున పడి ఏడిసినారు. ఇది మా ఇంటోడు కాకపోతే, మరి మేం ఎవురి కోసం ఏడిసినట్టు, సింహాచలం?"

నాకు ఈ సంగతి చెప్పే నాటికి పదేళ్ళు కావస్తున్నా మావయ్య దానికి జవాబు వెతుకుతూనే ఉన్నాడు. "నువ్వు సదూకున్నోడివి గదా, నువ్వేటి సెప్పీవోడివిరా?" అని నన్నడిగాడు.