తల దువ్వే వరుస

జానమ్మకు యాభై దగ్గర పడుతోంది. ఆశ్రమాల్లో, హాస్టళ్లలో పిల్లల్ని ఎట్లా చూస్తున్నారో తెలుసుకోవాలని యూనివర్సిటీ వాళ్లు ఒక పరిశోధన మొదలుపెట్టి, పిల్లలతో మాట్లాడే పనికి ఆమెను పెట్టుకున్నారు. తండ్రి పోయాక ఆమె కూడా మహబూబ్‌నగర్ వైపు ఒక మిషన్ హాస్టల్లోనే పెరిగింది. ఆ గోడల లోపలి సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏ ఊళ్లో ఏ గేటు దాటినా అదే నీళ్లచారు వాసన, అదే పాట: “మంచిగుంది మేడం!” అని అందరూ ఒక్క గొంతుతో.

కుర్చీలో కూర్చుని అడిగితే పిల్లలు చెప్పరు. అందుకని జానమ్మ ఆదివారాలే పోయేది. ఆదివారం తలస్నానాల రోజు. ఆడపిల్లలు ఎండలో ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్నదాని తల దువ్వుతూ పేలు చూస్తారు. ఎవరి ముఖం ఎవరికీ కనబడదు గనక నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. జానమ్మ కూడా ఆ వరుసలో దూరేది.

నకిరేకల్ దగ్గరి ఆశ్రమంలో ఆ రోజు ఆమె ముందు కూర్చున్నది సుమన, పదకొండేళ్ల పిల్ల. సుమన ముందు దాని చెల్లెలు స్వర్ణ. స్వర్ణకు ఇంకా ఆరు నిండలేదు.

“గింత సంసారమా బిడ్డా! నీ పేన్లకు గూడ రేషన్ కార్డు ఇయ్యాలె,” అంది జానమ్మ.

“నావి గావు పెద్దమ్మా, భద్రమ్మ మేడం తలకెల్లి దుంకినయి.”

భద్రమ్మ ఆ ఆశ్రమం వార్డెన్. వరుసంతా కిసకిస నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే దువ్వెన ఒకచోట తట్టుకుంది. వెంట్రుకల కింద మానిన గాయం గట్టు, దాని పక్కనే ఇంకా పచ్చిగా ఇంకొకటి.

“గిదేంది?”

“గంటె కాడతోని కొట్టింది. స్వర్ణ పక్క తడుపుతది. మేడం దాన్ని కొట్టబోతే నేను అడ్డం పోత.” సంతలో వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది.

జానమ్మ దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. మాట మొదలుపెట్టక ముందే పిల్లలకు ఒకటి చెప్పాలని నియమం: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, దెబ్బల సంగతి మాత్రం దాచలేను, అని. ఈ వరుసలో కూర్చుంటే మాటలే ముందు వచ్చేస్తాయి. ఈసారి ఆమె అది చెప్పనే లేదు.

“బిడ్డా, గిది నేను పైకి చెప్పాలె.”

సుమన తల లాక్కుంది. “పేన్లు చూస్తనని కూసుంటివి గద! చెప్తే మమ్మల్ని చెరొక దిక్కు ఏస్తరు. పోయినేడు ఈడున్న ఇంకో అక్కాచెల్లెండ్లను గట్లనే ఏసిండ్రు. నాకు దెబ్బలు అలవాటే పెద్దమ్మా. జర చెప్పకు.”

గేటు దగ్గర భద్రమ్మ ఎదురైంది. “ఏమంటుండ్రమ్మా మా పోరగాండ్లు? ఇంతమందికి నేనొక్కదాన్ని. వంట నాదే, దవాఖాన నాదే. కంటినిండ పండి ఎన్నొద్దులైందో.” అబద్ధం కాదు, ఆమె కళ్లే చెబుతున్నాయి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా జానమ్మకు లేకపోయింది.

రోడ్డు మీదికి వచ్చి, వచ్చిన బస్సును వదిలేసి, చెట్టు నీడలో కూర్చుంది. ఆ పిల్ల బతిమాలడం ఒక పక్క, ఆ పచ్చి గాయం ఒక పక్క. గంటె కాడ జర కిందికి జారితే కన్నే. చివరికి నల్గొండలో పిల్లల సంరక్షణ చూసే ఆఫీసరు రామచంద్రానికి ఫోన్ చేసింది.

“సార్, అక్కాచెల్లెండ్లు. ఒక్క జాగల ఉంచాలె.”

“చూస్తనమ్మా. చిన్నపిల్లలకు వేరే గృహం ఉంటది గద, నా చేతిలేముంది?”

ఆయన చూశాడు. సుమనను నల్గొండ గృహంలో వేశారు, స్వర్ణను కొత్తకోట వైపు చిన్నపిల్లల గృహంలో.

కొన్ని నెలలకు జానమ్మ నల్గొండకు పోయి చూసింది. సుమన ఒళ్లు చేసింది, తల మీద గాయం మానింది. ముఖం మాత్రం గోడ వైపే. తెచ్చిన సకినాలు ముట్టుకోలేదు. అటు తిరిగే అడిగింది.

“దాన్ని రాత్రి లేపుతుండ్రా? లేపకుంటే తడుపుతది.”

లేపుతుండ్రు అంటే పిల్ల నెమ్మదించేది. “తెల్వది బిడ్డా. పోయి చూసొస్త.”

“చూసే రా. ఉత్తగ చెప్పకు.”

పరిశోధన పోయిన నెలే ముగిసింది. ఇప్పుడు జానమ్మను పొమ్మనేవాళ్లు లేరు, పోయొచ్చాక ఏం చూశావని అడిగేవాళ్లు ఆ పిల్ల తప్ప లేరు. మోకాళ్లు లాగుతున్నాయి. బస్టాండులో కనుక్కుంటే కొత్తకోటకు నేరుగా బస్సు లేదు, మారి మారి పోవాలన్నారు. ముందుగా దేవరకొండ బస్సెక్కి, కిటికీ పక్కన కూలబడి, టికెట్ తీసుకుంది.