సెలవునాటి పరామర్శ

బొల్లారంలో మా మందుల కంపెనీ సీనియర్ ఆపరేటర్ ఏటా మేడే నాడు గేటు దగ్గర ఎర్రజెండా ఎగరేసేవాడు. లడ్డూ చేతిలో పెట్టేముందు ప్రతివాణ్ణీ అడిగేవాడు: "ఈ సెలవు ఎవరిచ్చిన్రు?"

"కంపెనీ, అన్నా" అన్నామా, లడ్డూ వెనక్కి పోయేది.

"ఎవ్వడియ్యలే. మనోళ్లు పానాలు వెట్టి కొట్లాడిన్రు. ఇగ తిను."

చరిత్ర నాకెవరూ అంత తియ్యగా చెప్పలేదు.

ఆయన రిటైరు కాకముందే ఊపిరితిత్తులు రాజీనామా ఇచ్చాయి. మొన్న ఏప్రిల్‌లో పోయాడు. ఆ రోజు ప్రొడక్షన్ ఆగకూడదన్నారు. కాంట్రాక్టు మనుషులం, మాకెవరికీ సెలవు దొరకలేదు. మేడే నాడు దొరికింది. అందరం కిష్టారెడ్డిపేటలో వాళ్లింటికి వెళ్లాం.

వదిన చాప పరిచి, చాయ్ ఇచ్చి, దండ వేసిన ఫోటో వైపు చూసింది.

"మేడే నాడు ఈయన ఇంట్ల దొరుకుడు గిదే మొదటిసారి."