కుళాయక్క నోరు జారిన రోజు

ఫ్లాట్లు అమ్మే సైట్ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి కుళాయక్క అంటారు. ఎక్కడ నీళ్ళు కారినా ఆ చెయ్యి ఊరుకోదు, పోయి కట్టేస్తుంది. పరాయివాళ్ళ కుళాయైనా సరే. తప్పా అది? ఆవిడుండే వీధికి వారానికోసారి వస్తాయి నీళ్ళు, అవీ బురదగా. చుట్టూ ఇసుక. ఆ ఇసుకలోనే మేడ మీద మేడ లేపుతున్నారు, అదేం చోద్యమో!

ఆఫీసు తుడవడం, వాకిట్లో ఫౌంటెన్ వాల్వు తిప్పడం ఆవిడ పని. కొనేవాళ్ళ కారు కనపడగానే నీళ్ళు ఎగరాలి. జీతం సంగతి దేవుడెరుగు, సాయంత్రం రెండు క్యాన్ల నీళ్ళు పట్టుకెళ్ళనిస్తాడు మేనేజరు. మంచాన పడ్డ అత్తగారికి ఒళ్ళు తుడిచేది వాటితోనే. ఆ క్యాన్ల కోసమే ఆవిడ ఈ పని పట్టుకు వేలాడుతోంది.

ఆ రోజు నెలలు నిండిన పిల్ల ఒకతె మొగుడితో వచ్చింది. వాళ్ళు ఫౌంటెన్ ముందు ముచ్చటపడుతూ నిలబడ్డారు. చీపురుతో అటుగా వెళ్తున్న కుళాయక్క అలవాటుగా వాల్వు కట్టేసింది. కట్టేశాక గానీ ఏం చేసిందో తెలిసిరాలేదు.

"ఆగిపోయిందేంటి? నీళ్ళు లేవా?" అన్నాడు మొగుడు.

"భలేవారే! ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళే సార్. ఆవిడకి చెయ్యి దురద," అని మేనేజరు నవ్వేసి, అతన్ని సంతకాలకి లోపలికి తీసుకెళ్ళాడు.

పిల్ల నీడలో కూలబడింది. "పిన్నీ, నువ్విక్కడిదానివేగా. నిజం చెప్పు. చంటిబిడ్డతో ఇక్కడ ఉండగలనా?"

పిన్నీ అంది మరి! అక్కడే కొంప మునిగింది. "ఓ, హాయిగా" అందామనే నోరు తెరిచింది కుళాయక్క.

"ఫౌంటెన్‌కైతే ఉంటాయి తల్లీ నీళ్ళు. మనుషులకే లేవు," అనేసింది.

సంతకం కాలేదు. కారు వెళ్ళిపోయింది. మేనేజరు తిట్టినా బావుండేది. రెండు క్యాన్లూ తనే నింపి, మూతలు బిగించి తెచ్చిపెట్టాడు.

"మా ఇంట్లోనూ నీళ్ళు కొనుక్కునే తాగుతామమ్మా. అయినా రేపట్నుంచి నువ్వు రాకు," అన్నాడు నేల చూస్తూ. పాపం, అతన్ని మాత్రం ఏమనగలదు?

ఇంటికొచ్చి, గుడ్డ తడిపి వీపు తుడుస్తుంటే ముసలావిడకి ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య! రేపు కాస్త తలకి కూడా పోస్తావుటే?"

కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది.

"రేపెందుకత్తయ్యా, ఇప్పుడే పోస్తా," అంటూ రెండో క్యాను మూత తీసింది.