నర్సమ్మగారి గోడ

మా ఊరి నర్సమ్మగారు పోయారని మంగళవారం అమ్మ కబురు పంపింది. కాలేజీలో పాఠం మధ్యలో ఉన్నాను. చెబుతున్నది మూత్రపిండాల గురించి. పాఠం అక్కడే ఆపేశాను.

నల్లపాడుకి అవతల మాది మిరపచేల ఊరు. ప్రసూతి కేంద్రం అంటే ఒక పెంకుటిల్లు, ఒక బల్ల, చెక్కపెట్టెలో ప్రెషర్ మిషను, ఆవిడ. కోతల రోజుల్లో పెట్టె పట్టుకుని చేలగట్ల మీదికే వెళ్ళేవారు. "మీరెట్టాగూ రారు, చెయ్యి చాపండే" అనేవారు. ముందు మణికట్టు మీద గాజులు తిప్పి వాపుందేమో చూసి, ఆ తర్వాతే మిషను పట్టీ చుట్టేవారు.

కార్డులిస్తే పొయ్యిలోకి పోతున్నాయని, కేంద్రం సున్నపు గోడ మీద ఒక్కొక్కరికీ బొగ్గుతో పేరు రాసి ఒక వరస పెట్టారు. నెలకో చుక్క. ప్రెషర్ తగ్గితే కిందికి, పెరిగితే పైకి. చాలామంది వరసలు ఐదో నెలకి దిగి, నెలలు నిండేసరికి మళ్ళీ పైకొచ్చేవి, కట్టిన ఉయ్యాలగుడ్డలాగా.

పన్నెండేళ్ళ కిందటి మాట. నాకు మొదటి బిడ్డ దక్కలేదని, రెండోసారి మూడో నెలకే అమ్మ నన్ను ఊరికి తెచ్చుకుంది. ఐదో నెలలో నర్సమ్మగారు నా చుక్క పెట్టి అక్కడే నిలబడిపోయారు.

"అందరికీ దిగింది. నీకు దిగలేదమ్మాయ్."

"పెరగలేదుగా? మామూలుగానే ఉందిగా?"

"అదే నాకు నచ్చట్లా."

"ఏ పుస్తకంలో ఉందండీ అది?" అన్నాను, ఎమ్మెస్సీ చదివిన తెలివితో.

"గోడమీదుంది, చూడు."

ఎనిమిదో నెలలో నా గాజులు తిరగలేదు. "ఒళ్ళొచ్చింది, ఇప్పుడే నిండుగా ఉంది పిల్ల" అని అమ్మ మురిసిపోయింది. నర్సమ్మగారు ప్రెషర్ చూసి, పెరిగిందని, ఇవాళే గుంటూరు ఆసుపత్రికి వెళ్ళమన్నారు.

"తలనొప్పి కూడా లేదండీ. రెండ్రోజులు చూద్దాం."

"పోయినసారి ఎన్ని రోజులు చూశారు?"

అమ్మ వెంటనే బండి కట్టించింది. నాలుగో రోజున మా అమ్మాయి పుట్టింది, గుప్పెడంత.

ఈ మధ్య ఒక పత్రికలో చదివాను. గర్భిణికి రక్తపోటు పెంచే హార్మోన్లు బాగా పెరుగుతాయట. అయినా ఒళ్ళు బాగున్నవాళ్ళ రక్తనాళాలు వాటికి లొంగవట, పైగా పోటు తగ్గుతుందట. కొందరిలో లొంగిపోతాయి, ఎందుకో ఇంకా తేలలేదు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో. హార్మోను అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. కానీ దిగాల్సింది దిగకపోతే భయపడాలని, మట్టికాళ్ళతో వచ్చిన ఆడవాళ్ళ చేతులు పట్టుకుని తెలుసుకున్నారు. ఆవిడ మా ఊరావిడని ఇప్పుడు నా విద్యార్థులకి గర్వంగా చెబుతున్నాను.

మొన్న అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. గోడ దగ్గర ఆడవాళ్ళు ఎవరి వరస ముందు వాళ్ళు నిలబడి ఉన్నారు. మా అమ్మాయి నా వరస వెతికి పట్టుకుంది. తిన్నగా సాగి, చివర్లో పైకి లేచి ఆగిపోయిన చుక్కలు.

"అందరివీ ఉయ్యాలల్లే ఉన్నాయి. నీదే లేదేంటమ్మా?" అంది.

తర్వాత వంగి చూసింది. ఆఖరి చుక్క కింద, నర్సమ్మగారు బొగ్గుతో చిన్న ఉయ్యాల గీసి పెట్టారు.